పిన్ని పోయిన వారం

బుధవారం నుంచి నేను బతికి లేను. ఆ సంగతి నాకు శనివారం తెలిసింది.

పూలొచ్చి చెప్పాయి. తెల్లపూలు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకోవాల్సినంత గుత్తి. తెచ్చినతను మా వాడి పేరు చెప్పాడు. వాడి క్లాసువాళ్ళు పంపారన్నాడు. తలొంచుకుని, గొంతు తగ్గించి, చాలా విచారంగా ఉందన్నాడు. ఎవరు పోయారని నేను మెట్ల దాకా వెంటపడి అడిగితే, ఆ కుర్రాడి పిన్నిగారటండీ అని చెప్పి దిగి వెళ్ళిపోయాడు. వాడికి పిన్నిని నేనొక్కదాన్నే.

ఆదివారం మధ్యాహ్నం మహారాజు విహారం ముగించుకుని వచ్చేసరికి ఆ పూలు బాత్రూంలో బకెట్లో ఉన్నాయి. అంత గుత్తి పట్టే పాత్ర మా ఇంట్లో లేదు మరి. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ పోలేదు.

మహారాజు అంటే మా అక్క కొడుకు. వంతెనలు కట్టే చదువు చదవడానికి ఈ దేశం వచ్చి నా ఇంట్లో ఉంటున్నాడు. చదువు సంగతి నాకు తెలియదు గానీ, వచ్చినప్పటి నుంచి వాడు చూడని కొండా కోటా మాత్రం మిగల్లేదు. ఈసారి సముద్రం ఒడ్డున కొండచరియలు. ముక్కు మీద చర్మం ఊడిపోయి, ఒళ్ళంతా ఇసకతో, ఈల వేసుకుంటూ లోపలికొచ్చాడు. సంచీ నా కాళ్ళ దగ్గర పడేసి ఆకలేస్తోంది పిన్నీ అన్నాడు.

"చచ్చిపోయినదాన్ని, నీకు అన్నం ఎలా పెట్టనురా?" అన్నాను.

వాడు నవ్వాడు. నేను రోజూ అనే మాటల్లో ఇదొకటి అనుకున్నట్టున్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి బాత్రూంలోకి వెళ్ళాడు. కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది, కట్టేసిన చప్పుడూ వినిపించింది. 

మా ఆయన సోఫాలో కూర్చుని శబ్దం లేని టీవీ చూస్తున్నారు. ఆయన సిటీ బస్సు నడుపుతారు. వారమంతా జనం మొహాలు చూసి చూసి, ఆదివారం ఏ మొహమూ చూడరు. పెళ్ళాం పోయిందని పూలొచ్చినా చూడరు. శనివారం పూలు చూపిస్తే, అడ్రసు తప్పై ఉంటుందిలే అని పేపరు తిప్పుకున్నారు.

మహారాజు బయటికొచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. ఎప్పుడు పోయానురా అని అడిగాను. బుధవారం అన్నాడు. ఎలా పోయానురా అంటే, నిద్రలోనే పిన్నీ, ఏం బాధపడలేదు అన్నాడు. ఆ మాత్రం దయ ఉంచినందుకు దణ్ణం పెట్టాలనిపించింది.

కథంతా లాగేసరికి నాకు గొంతు నొప్పి పుట్టింది. మొన్న గురువారం వీడు కాలేజీలో పెద్దవాళ్ళ ముందు నిలబడాలి. పుల్లలతో, తీగలతో తనే కట్టిన చిన్న వంతెన తీసుకెళ్ళాలి. దాని మీద బరువులు పెడతారు. విరక్కుండా నిలబడితే ఈ ఏడు గట్టెక్కినట్టు. ఆ వంతెన నా ఇస్త్రీ బల్ల మీద సగానికి వచ్చి ఆగిపోయి ఉంది. ఇన్నాళ్ళూ ఒక కొండ తర్వాత ఇంకో కొండ ఎక్కి దిగుతుంటే మిగతా సగం ఎవడు కడతాడు? బుధవారం నాటికి మహారాజుకి భయమేసింది. వాళ్ళ మేడమ్ గదిలోకెళ్ళి పిన్ని పోయిందన్నాడు. ఆవిడ పరీక్షని వచ్చే గురువారానికి మార్పించింది.

సరే, చంపావు. చంపినందుకైనా ఇంట్లో కూర్చుని ఆ సగం కట్టకూడదా? నేను అడిగింది అదొక్కటే. వాడు చెప్పిన జవాబు వింటే మీకు అన్నం సయించదు. కొండచరియల టికెట్లు ముందే తీసేసుకున్నాడట. వెనక్కి తీసుకోరట.

"ఇంత వంశంలో నేనే దొరికానా? మీ అమ్మ లేదూ?"

"అమ్మ పోయిందని నోటితో ఎలా అంటాను పిన్నీ" అన్నాడు, నేనేదో పాపపు మాట అన్నట్టు నావైపు చూస్తూ.

"మీ బాబాయి?"

"బాబాయి బస్సులోనే మేడమ్ రోజూ కాలేజీకి వస్తారు. పోయారంటే నమ్మరు కదా."

అప్పుడు మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పారు. తాను బతికిపోయిన కారణం విని ఆయనకి కొంచెం తృప్తిగా ఉన్నట్టు కనిపించింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నుదురు గోక్కున్నారు. శుక్రవారం బస్సు దిగేటప్పుడు కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ తన దగ్గర ఆగి, చేయి పట్టుకుని ఏదో చెప్పిందట. బస్సు ఎక్కే దిగే వాళ్ళు ఏం చెప్పినా ఈయన ఒకటే జవాబు చెప్తారు, సంతోషమండీ, మళ్ళీ రండి అని. ఆవేళా అదే చెప్పారట. నేను పోయినందుకు ఆవిడ సానుభూతి చెప్తే, సంతోషమండీ, మళ్ళీ రండి అన్నారన్నమాట మా ఆయన. పైగా నవ్వుతూ అన్నారట, అలా అనాలని కంపెనీ వాళ్ళు నేర్పించారట.

ఈ ఇద్దరి మధ్యా నేను ఇన్నేళ్ళు ఎలా బతికానో నాకే తెలియదు. బుధవారం పోవడమే మేలనిపించింది.

వాడి విహారాల గురించి ఒక మాట చెప్పాలి. చెప్పకపోతే నా ఒంట్లో వేడి తగ్గదు. నేను ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోట పనిచేస్తాను. ఈ ఊరు చూడ్డానికి దేశదేశాల వాళ్ళు వస్తారు. వాళ్ళేం చూస్తారో నాకు తెలియదు, పడుకున్న దుప్పట్లు మాత్రం నా దగ్గరికి వస్తాయి. నాకు సెలవు దొరకడం గగనం. ఆదివారం దొరికితే ఇంటి పని. నేను ఇక్కడికొచ్చాక చూసిన వింతలు హోటలూ, కూరగాయల కొట్టూ, మా ఆయన మౌనం.

వీడు మాత్రం ప్రతి సోమవారం సాయంత్రం ఫోను టీవీకి తగిలించి నన్ను ముందు కూర్చోబెడతాడు. కోట చూపిస్తానంటాడు. కోట కనపడదు, వీడి ఛాతీ కనపడుతుంది. సరస్సు అంటాడు. సరస్సు మీదికి ఎగురుతున్న వీడి బూట్లు కనపడతాయి. లైట్‌హౌస్ వీడి నెత్తి మీద మొలిచిన కొమ్ములా ఉంటుంది. ఆ కోట ఎవరు కట్టార్రా అంటే ఎవరో రాజు పిన్నీ అంటాడు. ఎందుకు కట్టాడురా అంటే యుద్ధాల కోసం అయ్యుంటుంది పిన్నీ అంటాడు. ఎలా ఉందిరా అంటే సూపర్ అంటాడు. కొండా సూపరే, గుహా సూపరే, దారిలో తాగిన కాఫీ కూడా సూపరే. వీడు కళ్ళతో కాకుండా పళ్ళతో చూసొస్తాడు. ప్రతి ఫోటోలోనూ ముప్ఫై రెండూ కనపడతాయి.

అవన్నీ అంటూనే ఉన్నాను ఆ మధ్యాహ్నం కూడా. వాడు బెల్లం కొట్టిన రాయిలా నిలబడి విన్నాడు. నా కోపం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. మేమింకా మా ఊళ్ళో ఉండగా, వాడి ఒకటో తరగతిలో అక్క వాడిని తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టింది. అక్క బడిపంతులమ్మ, ఏడాదికో ఊరు బదిలీ. పిల్లలు లేనిదానివి, నీకూ కాలక్షేపంగా ఉంటుందిలే అంది. కాలక్షేపం! వాడి జ్వరాలూ, వాడి దెబ్బలూ, వాడి ఎక్కాలూ, అన్నీ నా కాలక్షేపమే. సెలవులకి అక్క వచ్చినప్పుడు వాడు తనని అమ్మా అని పిలిచేవాడు, నన్ను పిన్నీ అనేవాడు. అందులో తప్పేం లేదు. నేను పిన్నినే.

నేను భయపడ్డది చావుకి కాదు. కాలేజీలో అబద్ధం బయటపడితే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే ఈ దేశంలో ఉండనివ్వరు. సంచీ సర్దుకుని వాళ్ళమ్మ దగ్గరికి పోవాలి. అక్క ఒక్క మాట కూడా అనదు. నీ చేతిలో పెట్టానే అన్నట్టు ఒక చూపు చూస్తుంది. అంతే, వాడు మళ్ళీ నా ఇంటికి రాడు.

ఈ సంగతి మన ఊరి దాకా పోయిందేమోరా అని అడిగాను. వీడి క్లాసులో మా ఊరి పిల్ల ఒకతి ఉంది, వాళ్ళమ్మా మా అక్కా ఒకే బడిలో పనిచేస్తారు. చెప్పదు పిన్నీ, ఎవరికీ చెప్పొద్దన్నాను అన్నాడు. చావు కబురు ఎవరికీ చెప్పొద్దంటే ఎవరైనా ఆగుతారా? వాడికి ఆ మాత్రం లోకజ్ఞానం కూడా లేదు. ఇన్ని ఊళ్ళు తిరిగి ఏం లాభం?

సోమవారం పొద్దున్నే మేడమ్ దగ్గరికెళ్ళి కాళ్ళ మీద పడి నిజం చెప్పమన్నాను. చెప్తే పోతాను పిన్నీ అన్నాడు. చెప్పకపోతే నేను పోయినట్టే ఉండాలిరా అన్నాను. వాడు నేలచూపులు చూస్తూ, గురువారం దాకా అలాగే ఉండవా పిన్నీ అన్నాడు. పోయినదానిగా ఇంకో నాలుగు రోజులు సర్దుకొమ్మంటున్నాడన్నమాట.

అప్పుడు బెల్లు మోగింది.

నేను గరిటె పట్టుకునే వెళ్ళి తలుపు తీశాను. కళ్ళజోడావిడ. చేతిలో మూతపెట్టిన గిన్నె. మా ఆయన ఆవిడని చూసి, అలవాటుగా నవ్వబోయి, నవ్వు మింగి లేచి నిలబడ్డారు. మహారాజు మొహంలో నెత్తురు చుక్క లేదు, ఎండకి ఊడిన ముక్కు ఒక్కటే ఎర్రగా ఉంది.

ఆవిడ వాడి ముక్కు చూసి, ఏడ్చి ఏడ్చి ఇలా అయిపోయావా అని వాడి భుజం నిమిరింది. నాకు ఆవిడ మీద జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. ఇంత చదువుకున్న మనిషి ఎండకి కాలిన ముక్కునీ ఏడ్చిన ముక్కునీ గుర్తుపట్టలేదా?

గిన్నె బల్ల మీద పెట్టింది. కుర్చీలో కూర్చుంది. ఇస్త్రీ బల్ల మీద సగం వంతెన చూసి, పాపం, చెయ్యి ఎలా ఆడుతుందిలే అంది. గోడ మీద వాడిని చంకనేసుకుని నేను దిగిన పాత ఫోటో ఉంది. దాని వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అచ్చం ఆవిడ పోలికే. మీరు ఆవిడకి ఏమవుతారు?"

పొయ్యి మీద కూర అడుగంటుతున్న వాసన వస్తోంది. మా ఆయన టీవీ వైపు చూశారు, అదేదో జవాబు చెప్తుందన్నట్టు. పక్కింటిదాన్నని అంటే సరిపోయేది. పనిమనిషినన్నా సరిపోయేది. గరిటె చేతిలోనే ఉంది కదా.

"నేను అక్కనండీ" అన్నాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "వీడి అమ్మని."

ఆ మాట నోట్లో ఎంత హాయిగా తిరిగిందో చెప్తే మీరు నన్ను చీదరించుకుంటారు. మహారాజు తలెత్తి నా వైపు చూశాడు. వాడు నేర్పిన అబద్ధానికి నేను వేసిన కొసరు చూసి వాడికే దడ పుట్టినట్టుంది.

ఆవిడ లేచి నా రెండు చేతులూ పట్టుకుంది. గరిటె మధ్యలో ఇరుక్కుంది. ఇంత దూరం నుంచి ఇంత త్వరగా ఎలా వచ్చారో అంది. తర్వాత బుధవారం సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడని వీడు ఉత్తినే గడువు అడగలేదట. గదిలో కూర్చుని ఎక్కిళ్ళు పట్టి ఏడ్చాడట. ఆవిడ తలుపు మూసి, నీళ్ళిచ్చి, చాలాసేపు వాడి పక్కనే కూర్చుందట.

"తల్లితో అనకూడని మాట, క్షమించండి. మా పిన్ని అమ్మ కంటే ఎక్కువ మేడమ్ అన్నాడు మీ అబ్బాయి. ఆవిడకి సెలవు దొరకదట. అందుకని ఎక్కడికెళ్ళినా ముందు ఆవిడ కోసమే ఫోటో తీస్తాడట. సోమవారం ఆవిడ తిడుతూ చూస్తుందట. ఆ తిట్లు వినాలనే ఇన్ని చోట్లకి వెళ్తానన్నాడు. ఇక ఎవరికి చూపించాలి అని అడిగాడు నన్ను."

నా కోసమట. వాడి ఛాతీ నాకు చూపించడానికి కొండలెక్కాడట! ఇలాంటి కబుర్లు నమ్మేంత వెర్రిదాన్ని కాదు నేను. గడువు కోసం ఏడ్చినవాడు ఏమైనా చెప్తాడు. అలా అనుకుంటూ మహారాజు వైపు చూశాను. వాడు నన్ను చూడ్డం లేదు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. చిన్నప్పుడు అబద్ధం చెప్తే వాడి చెవులు మామూలుగానే ఉండేవి. నిజం దొరికిపోతేనే ఎర్రబడేవి. గరిటెని ఇంకాస్త బిగించి పట్టుకున్నాను. కోపమే అనుకున్నాను.

ఆవిడ నాకు ధైర్యం చెప్పింది. గురువారం మీరూ కాలేజీకి రండి, తల్లి ఎదురుగా ఉంటే వాడికి బలంగా ఉంటుంది అంది. వస్తానన్నాను. ఏం చీర కట్టుకోవాలో కూడా ఆ క్షణంలోనే ఆలోచించేశాను, సిగ్గులేని మొహాన్ని.

మా ఆయన ఫోను మోగింది. ఆదివారం ఆయన ఎవరి ఫోనూ ఎత్తరు. ఇంతసేపూ ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డ మనిషికి అప్పుడే ఏదైనా పనికొచ్చే పని చెయ్యాలనిపించింది. ఎత్తారు. మొహాలు కనపడే ఫోను. అందులో అక్క.

జుట్టు విడిపోయి ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఎప్పుడూ ఇస్త్రీ నలగని చీరలో ఉండే మా అక్క, గోడకి జారబడి నేల మీద కూర్చుని ఉంది.

"ఇంత కబురు నాకు చెప్పాలనిపించలేదా మరిదిగారూ?" అంటోంది. "నా చెల్లెలు పోతే బళ్ళో ఎవరో చెప్తే తెలుసుకోవాలా నేను?"

మా ఆయన చెయ్యి కాలినట్టు ఫోను నాకిచ్చేశారు. మేడమ్‌కి మా మాట రాదు. ఆడమనిషి ఏడుపు మాత్రం ఏ భాషలోనైనా ఏడుపే కదా, ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను తెలుగులో, గొంతు తగ్గించి, వీలైనంత మామూలుగా మాట్లాడాను.

"అక్కా, నేనే. ఉన్నాను. నాకేం కాలేదు."

అక్క ఏడుపు ఆగింది. నన్ను నమ్మలేనట్టు చూసింది. కళ్ళు, ముక్కు, నుదురు, ఒక్కొక్కటీ సరిచూసుకుంది. తర్వాత ఇంకోలా ఏడవడం మొదలుపెట్టింది, నవ్వుతూ, తిడుతూ, దేవుడికి దణ్ణాలు పెడుతూ. నీకంటే ముందు నేను పోవాలే అంది. నా జన్మలో అక్క నా కోసం అంతగా ఏడవడం నేను చూడలేదు. వాడిని కాలక్షేపానికి ఇచ్చిందని ఇన్నేళ్ళు నేను ఈసడించుకున్న మనిషేనా అనిపించింది. తర్వాత అంతా చెప్తాను, ఇప్పుడు పెట్టెయ్ అక్కా అన్నాను. పెట్టెయ్యలేదు. ఇంకాసేపు కనపడవే అంది.

నా వెనక మేడమ్ వచ్చి నిలబడిన సంగతి నేను చూసుకోలేదు. పోయినావిడ తరఫు చుట్టమెవరో అంత బాధపడుతుంటే మంచిమనిషి ఊరుకోలేకపోయింది. నా భుజం మీద చెయ్యేసి, ఫోనులోకి వంగి, చిన్నపిల్లలకి చెప్పినట్టు ఒక్కొక్క మాటే విడదీసి తన భాషలో చెప్పింది. అక్క ఇరవై ఏళ్ళుగా ఆ భాషే బళ్ళో చెప్తోందని ఆవిడకేం తెలుసు?

"బాధపడకండి. అబ్బాయి ఇక్కడ ఒంటరిగా లేడు. ఇదిగో, వాళ్ళ అమ్మ పక్కనే ఉంది."

నా భుజం మీద చెయ్యి రెండుసార్లు తట్టింది.

మహారాజు గోడకి అతుక్కుపోయాడు. వంటింట్లోంచి మాడు వాసన గదంతా నిండింది. అక్క కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి మధ్యలో ఆగింది. ఆ కొంగు అలాగే బుగ్గ మీద పెట్టుకుని, మేడమ్‌ని వదిలేసి, నన్నొక్కదాన్నే చూసింది.

"అమ్మవి నువ్వా? అయితే నేనెవర్నే?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. ఫోను పెట్టెయ్యకుండా, నా జవాబు కోసం అలాగే చూస్తూ కూర్చుంది.